కిడ్నీ మార్పిడి తర్వాత కాలి మీద మానని గడ్డలు: టీబీ మందులకు ముందు ముక్క పరీక్ష చేయించండి

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెబుతాను, ఎక్కడైనా పొరబడితే సరిదిద్దండి. మీ నాన్నగారికి 58 ఏళ్లు. రెండేళ్ల కిందట కిడ్నీ మార్పిడి జరిగింది. టాక్రోలిమస్, మైకోఫినోలేట్, ప్రెడ్నిసోలోన్ అనే ఇమ్యూనిటీ తగ్గించే మందులు వాడుతున్నారు. ఇంటి వెనక తోట పని చేస్తారు. రెండు నెలలుగా ఎడమ పిక్క మీద మూడు గడ్డలున్నాయి. అవి ఊదా రంగుకు తిరిగాయి, ఒకటి పగిలి రసి కారుతోంది. జ్వరం లేదు, నొప్పి అంతంతమాత్రమే. అమాక్సిక్లావ్, సెఫిక్సిమ్, ఆ తర్వాత పది రోజులు లినెజోలిడ్ అనే యాంటీబయాటిక్ మందులు వాడినా తగ్గలేదు. మీ ఊరి డాక్టరు గారు ‘టీబీ కావచ్చు, ఆ మందులు మొదలుపెడదాం’ అంటున్నారు. బంధువులేమో ఇమ్యూనిటీ తగ్గించే మాత్రలు ఆపేస్తే పుండు దానంతటదే మానుతుందంటున్నారు. మామూలు మందులకు లొంగని సూక్ష్మజీవులు చర్మానికి పడతాయా, ఇప్పుడు ఏం చేయాలి అన్నది మీరు అడిగినది.

సూటిగా చెబుతాను. అలాంటి సూక్ష్మజీవులు ఉన్నాయి. అవయవ మార్పిడి జరిగినవారిలో వాటిని ముందుగానే అనుమానించాలి. ముక్క తీసి పరీక్షకు (బయాప్సీకి) పంపకుండా టీబీ మందులు మొదలుపెట్టవద్దు. మార్పిడి మాత్రల్లో ఒక్కటి కూడా మీ అంతట మీరు ఆపవద్దు. ఈ వారంలోనే ఆయనను మార్పిడి చేసిన ఆసుపత్రికి తీసుకెళ్లి, నెఫ్రాలజిస్టుతో (కిడ్నీ వైద్యులతో) పాటు చర్మవ్యాధుల వైద్యులకూ చూపించండి. తాత్సారం మాత్రం వద్దు.

నేను చర్మవ్యాధుల వైద్యురాలిని. చాలా ఏళ్లుగా కిడ్నీ, కాలేయ మార్పిడి జరిగినవారిని, కీమోథెరపీలో ఉన్నవారిని, హెచ్ఐవీతో జీవిస్తున్నవారిని చూస్తున్నాను. మీ నాన్నగారిని చూడకుండా ఆయనకు వచ్చినది ఫలానా జబ్బు అని చెప్పలేను, చెప్పకూడదు కూడా. ఏయే జబ్బులను అనుమానించాలో, ఎందుకో, పరీక్ష ఎలా చేయిస్తే ఫలితం దక్కుతుందో మాత్రం వివరంగా రాస్తాను. ఇదే స్థితిలో ఉన్న మరికొందరికి కూడా ఇది పనికొస్తుంది.

ముందుగా, జ్వరం లేదని ఊరట చెందకండి. ఎర్రదనం, వేడి, వాపు, నొప్పి, చీము అన్నీ మన శరీరం సూక్ష్మజీవితో పోరాడుతున్నప్పుడు కనిపించే గుర్తులు. ఆ పోరాటాన్నే తగ్గించడానికి మీ నాన్నగారు మూడు మందులు వాడుతున్నారు, లేకపోతే కొత్త కిడ్నీని శరీరం తిప్పికొడుతుంది. అందువల్ల లోపల ఇన్ఫెక్షన్ ముదురుతున్నా పైకి నెమ్మదిగా, చల్లగా, పెద్ద బాధ లేనట్టు కనిపిస్తుంది. రక్తంలో తెల్లకణాల సంఖ్య మామూలుగానే ఉండవచ్చు. ఆరోగ్యవంతుడికి ఇదే గడ్డ లేస్తే కాలంతా ఎర్రబడి, జ్వరంతో మంచం పట్టి మొదటి వారమే ఆసుపత్రికి వస్తాడు. మార్పిడి జరిగిన మనిషి నడుచుకుంటూ రెండు నెలల తర్వాత వస్తాడు.

రెండో సంగతి, ఇలాంటివారిలో గడ్డను కంటితో చూసి పేరు పెట్టడం కుదరదు. పాతికేళ్లు చర్మం చూసిన వైద్యుడికైనా కుదరదు. ఒకే రకం ఊదా రంగు గడ్డ నోకార్డియా కావచ్చు, క్షయేతర మైకోబ్యాక్టీరియా కావచ్చు, నిజంగానే టీబీ కావచ్చు, క్రిప్టోకాకస్ వంటి ఫంగస్ కావచ్చు, మార్పిడి తర్వాత వచ్చే లింఫోమా అనే క్యాన్సర్ కూడా కావచ్చు. వీటికి వాడే మందులు ఒకదానికొకటి పూర్తిగా వేరు. కాబట్టి ఊహ మీద మందు మార్చుకుంటూ పోవడం ఇక ఆపాలి.

ఇప్పుడు ఆ అరుదైన బ్యాక్టీరియాల సంగతి.

మీరు రాసిన వివరాల్లో నా దృష్టిని మొదట లాగినది ఆయన ఇంటి వెనక తోట పని చేస్తారన్న మాట. మట్టిలో, కుళ్లిన ఆకుల్లో ఉండే నోకార్డియా అనే బ్యాక్టీరియా ముల్లు గుచ్చుకున్న చోట నుంచి చర్మంలోకి వెళుతుంది. లేదా దుమ్ముతో ఊపిరితిత్తుల్లోకి వెళ్లి, అక్కడి నుంచి రక్తం ద్వారా చర్మానికీ మెదడుకీ పాకుతుంది. 1888లో ఎడ్మండ్ నోకార్ అనే ఫ్రెంచి పశువైద్యుడు పశువుల్లో దీన్ని గుర్తించారు. మన పొలాల్లో చెప్పులు లేకుండా తిరిగేవారికి పాదం ఉబ్బి, రంధ్రాలు పడి, గింజల్లాంటివి రాలే ‘మదురా పాదం’ జబ్బుకు కారణమయ్యే జీవుల్లో ఇదీ ఒకటి. ఆరోగ్యవంతుల్లో అది ఏళ్ల తరబడి ఒకేచోట నెమ్మదిగా పెరుగుతుంది. ఇమ్యూనిటీ తగ్గినవారిలో అలా ఒకచోట కూర్చోదు.

నేను చూసిన ఒక రైతు సంగతి చెబుతాను. కిడ్నీ మార్పిడి తర్వాత కోలుకుని మళ్లీ చేలోకి దిగారు. మోకాలి కింద తుమ్మ ముల్లు గుచ్చుకున్న చోట గడ్డ లేచింది. బయట ఒకచోట చీము తీసి, అందులోని క్రిమిని ల్యాబ్ ప్లేటు మీద పెంచి చూసే కల్చర్‌కు పంపితే ‘బ్యాక్టీరియా పెరగలేదు’ అని రిపోర్టు వచ్చింది. అది తప్పుడు రిపోర్టు కాదు. మామూలుగా ల్యాబ్‌లు 48 గంటలు చూసి ప్లేటు పారేస్తాయి. నోకార్డియాకు అంత తొందర లేదు, కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల దాకా తీసుకుంటుంది. మా దగ్గర మళ్లీ చీము తీసి, ప్లేటు పారేయవద్దని మైక్రోబయాలజీ వారికి చీటీ మీద రాసి పంపాము. వారం తిరగకముందే ప్లేటు మీద సుద్దముక్క పొడి రాలినట్టు పొడిబారిన తెల్లటి మచ్చలు వచ్చాయి. మూత తీస్తే తడిసిన మట్టి వాసన. ఆ వాసన ఈ జాతి బ్యాక్టీరియాకు సహజమే. మైక్రోస్కోపు అద్దం కింద చూస్తే కొమ్మలు కొమ్మలుగా చీలిన సన్నని దారాలు. ఆయనకు తలనొప్పి కూడా లేదు, అయినా నియమం ప్రకారం మెదడుకు ఎంఆర్ఐ, ఛాతీకి సీటీ తీయించాము. మెదడులో రెండు చిన్న చీముగడ్డలు కనిపించాయి.

అందుకే ఒక మాట గట్టిగా చెబుతున్నాను. ఇమ్యూనిటీ తగ్గినవారి చర్మంలో నోకార్డియా దొరికితే లక్షణాలు ఉన్నా లేకపోయినా మెదడు, ఊపిరితిత్తులు చూడాల్సిందే. చర్మానికే పరిమితమైతే నెలల తరబడి, మెదడుకు చేరితే కనీసం ఏడాది మందు వాడాలి. ప్రధాన మందు కో-ట్రైమాక్సజోల్. తీవ్రతను బట్టి ఇమిపెనెమ్, అమికాసిన్, లినెజోలిడ్ వంటివి కలుపుతారు. మార్పిడి జరిగిన కొత్తలో న్యుమోనియా రాకుండా కో-ట్రైమాక్సజోల్ చిన్న మోతాదులో ఇస్తారు కదా, అది వాడాము కనుక నోకార్డియా రాదనుకోవద్దు. ఆ మోతాదు దీన్ని పూర్తిగా అడ్డుకోలేదు.

ఇక్కడే మీకు పనికొచ్చే చిన్న సంగతి. లినెజోలిడ్‌కు నోకార్డియా మీద, కొన్ని మైకోబ్యాక్టీరియాల మీద కూడా ప్రభావం ఉంది. పది రోజుల వాడకంతో జబ్బు పోదు కానీ కల్చర్‌లో పెరగకుండా కొన్నాళ్లు అణిగి ఉండవచ్చు. సిప్రోఫ్లాక్సాసిన్, లెవోఫ్లాక్సాసిన్ వంటివీ అంతే, టీబీని కూడా కొంతకాలం దాచేస్తాయి. ఏ మందు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు వాడారో కాగితం మీద రాసి వైద్యులకు ఇవ్వండి. ఆయన నిలకడగా ఉంటే ముక్క తీసేలోపు కొత్త యాంటీబయాటిక్ ఏదీ వేయకుండా ఉండడమే మంచిది. ఎంత కాలం ఆగవచ్చో ఆయనను చూసిన వైద్యులే తేల్చాలి.

రెండో పెద్ద గుంపు క్షయేతర మైకోబ్యాక్టీరియా. ఇవి టీబీ క్రిమికి దాయాదులు. నీళ్లలో, మట్టిలో, కుళాయి పైపుల లోపల ఉంటాయి. మనిషి నుంచి మనిషికి అంటుకుని వచ్చేవి కావు. చర్మం మీద ఇవి చేసే పని టీబీని పోలి ఉంటుంది, అద్దం కింద కూడా టీబీ క్రిమిలాగే ఎర్రగా రంగు పడతాయి. టీబీ అనుకుని పొరపడడానికి మూలం ఇక్కడే ఉంది. రిపోర్టులో ‘ఏఎఫ్‌బీ పాజిటివ్’ అని ఉంటే దాని అర్థం ఈ కుటుంబానికి చెందిన ఏదో ఒక క్రిమి ఉందని మాత్రమే. కుష్ఠు క్రిమి కూడా ఈ కుటుంబానిదే.

వీటిలో మెరైనమ్ అనే రకం చేపల నుంచి, చేపల తొట్టెల నుంచి వస్తుంది. 1926లో అమెరికాలోని ఫిలడెల్ఫియా అక్వేరియంలో చచ్చిపోయిన చేపల్లో దీన్ని కనుగొన్నారు. మనుషుల్లో వ్యాధి కలిగిస్తుందని 1951లో స్వీడన్‌లో ఈతకొలను వాడినవారిలో తేలింది. దీనికి 30 నుంచి 32 డిగ్రీల చల్లదనం ఇష్టం. అందుకే లోపలి అవయవాల కంటే చల్లగా ఉండే వేళ్లు, మోచేతులు, కాళ్ల మీదే లేస్తుంది. ఇంట్లో చేపల తొట్టె కడిగే ఒకాయన వేలి మీద మొదలైన గడ్డ, ముంజేతి మీదుగా పైకి ఒకే గీత మీద వరసగా నాలుగు గడ్డలై నా దగ్గరికి వచ్చింది. స్టెరాయిడ్ మాత్రలు చాలాకాలంగా వాడుతున్న కీళ్లవాతం రోగి ఆయన. 37 డిగ్రీల పెట్టెలో ఉంచిన కల్చర్ ఖాళీగానే ఉండిపోయింది, 30 డిగ్రీలలో ఉంచినది పెరిగింది. ‘చేపలు పెంచుతారా’ అన్న ప్రశ్న అప్పటిదాకా ఆయనను ఎవరూ అడగలేదు.

హీమోఫిలమ్ అనే ఇంకో రకం మరీ మొండిది. 1978లో ఇజ్రాయెల్‌లో హాడ్జ్‌కిన్ లింఫోమా ఉన్న ఒక మహిళ చర్మపు పుండ్లలో దీన్ని మొదట గుర్తించారు. ఇది పెరగాలంటే చల్లదనంతో పాటు రక్తంలోని ఇనుము పదార్థం కూడా కల్చర్‌లో కలపాలి. అలా కలపాలని చెప్పకపోతే ల్యాబ్ వారు ఎంత శ్రద్ధగా పనిచేసినా ఇది ఎప్పటికీ దొరకదు. మార్పిడి జరిగినవారిలో కాళ్ల మీద, కీళ్ల దగ్గర మానని గడ్డలుంటే దీన్ని తలచుకోవాలి.

కెలోనే, యాబ్సెసస్, ఫార్చూయిటమ్ అనే మరో మూడు రకాలు వారంలోనే కల్చర్‌లో పెరుగుతాయి. సూది పొడిచిన చోట, పచ్చబొట్టు మీద, కీహోల్ ఆపరేషన్ రంధ్రాల దగ్గర నెలల తర్వాత మానని గడ్డలు కట్టేవి ఎక్కువగా ఇవే. ఆరోగ్యవంతులకూ వస్తాయి. శుభ్రం చేసిన పరికరాన్ని మళ్లీ కుళాయి నీటితో కడిగితే చాలు, ఇవి ఎక్కి కూర్చుంటాయి. కెలోనే, యాబ్సెసస్ మీద టీబీకి ఇచ్చే నాలుగు ప్రధాన మందుల్లో ఏదీ పనిచేయదు. అంటే, ముక్క పరీక్ష లేకుండా మీ నాన్నగారికి ఆ మందులు మొదలుపెడితే ఆరు నెలల పాటు కాలేయానికి భారం పెట్టి, గడ్డను అలాగే వదిలేసే అవకాశం ఉంది.

దానికంటే పెద్ద ప్రమాదం మరొకటి ఉంది, దయచేసి దీన్ని మీ డాక్టరు గారికి కూడా చూపించండి. టీబీ మందుల్లోని రిఫాంపిసిన్ కాలేయంలో టాక్రోలిమస్‌ను విరిచేసే ఎంజైమును బాగా పెంచుతుంది. రక్తంలో టాక్రోలిమస్ రోజుల్లోనే పడిపోతుంది. ఎవరూ కొలవకపోతే శరీరం కొత్త కిడ్నీని తిప్పికొట్టడం మొదలుపెడుతుంది. దీనికి పూర్తిగా ఎదురు దిక్కు క్లారిత్రోమైసిన్. క్షయేతర మైకోబ్యాక్టీరియాకు తరచూ వాడే ఈ మందు టాక్రోలిమస్‌ను పైకి ఎగదోసి కిడ్నీకి విషం చేస్తుంది. కో-ట్రైమాక్సజోల్ రక్తంలో పొటాషియాన్ని, కిడ్నీ పనితీరు చెప్పే క్రియాటినిన్‌ను పెంచవచ్చు. వీటిని వాడకూడదని కాదు, అవసరమైతే తప్పక వాడాలి. కానీ మోతాదు సర్దుతూ, టాక్రోలిమస్ స్థాయి పదేపదే కొలుస్తూ వాడాలి. రిఫాంపిసిన్ బదులు రిఫాబ్యూటిన్, క్లారిత్రోమైసిన్ బదులు అజిత్రోమైసిన్ ఆలోచించే వీలుంటుంది. ఈ లెక్క చూసుకోగలిగేది మార్పిడి బృందమే. ఊళ్లో మొదలుపెట్టి తర్వాత వారికి చెబుదామనుకోవద్దు.

బంధువుల సలహా గురించి కూడా ఇక్కడే చెప్పేస్తాను. ఇన్ఫెక్షన్ తీవ్రంగా ఉంటే మైకోఫినోలేట్ వంటి ఒక మందును వైద్యులే తగ్గించడం, కొన్నాళ్లు ఆపడం మామూలే. అది రక్తపరీక్షలు చూస్తూ తీసుకునే నిర్ణయం. ఇంట్లో మూడూ మానేస్తే కిడ్నీ పోతుంది. ఏళ్లుగా వాడుతున్న ప్రెడ్నిసోలోన్‌ను ఒక్కసారిగా ఆపితే బీపీ పడిపోయి ప్రాణం మీదికి వస్తుంది. మీ వాళ్లు ఆయన మీద ప్రేమతోనే చెబుతున్నారు, కానీ ఈ ఒక్క విషయంలో వారి మాట వినకండి.

ఇప్పుడు అన్నింటికంటే ముఖ్యమైనది, ముక్క పరీక్ష ఎలా చేయించాలి. చాలామంది ఇక్కడే నష్టపోతున్నారు. బయాప్సీ అయితే చేస్తారు, ముక్కను మొత్తం ఫార్మాలిన్ సీసాలో వేసి పంపేస్తారు. ఫార్మాలిన్‌లో పడ్డ క్రిమి చచ్చిపోతుంది, ఇక కల్చర్‌కు పనికిరాదు. పేథాలజీ రిపోర్టు ‘గ్రాన్యులోమా ఉంది, టీబీ కావచ్చు’ అని వస్తుంది. గ్రాన్యులోమా అంటే క్రిమి చుట్టూ రోగనిరోధక కణాలు కట్టే ముద్ద, అది పైన చెప్పినవాటిలో చాలావాటికి ఉంటుంది. ఇమ్యూనిటీ బాగా తగ్గినవారిలో టీబీకి కూడా సరిగ్గా ఏర్పడకపోవచ్చు. అంటే ఆ ఒక్క వాక్యం మీద ఆధారపడి ఏదీ తేల్చలేము.

కాబట్టి వైద్యులను వినయంగానే అడగండి. ముక్కను పైపైన కాకుండా చర్మం కింది కొవ్వు పొర దాకా లోతుగా తీయాలి. దాన్ని కనీసం రెండు భాగాలు చేయాలి. ఒకటి ఫార్మాలిన్‌లో పేథాలజీకి. రెండోది శుభ్రమైన సీసాలో, కొద్దిగా స్టెరైల్ సెలైన్‌తో తడిగా ఉంచి, ఆలస్యం లేకుండా మైక్రోబయాలజీకి. పగలని గడ్డలో చీము ఉంటే సిరంజితో లాగి పంపవచ్చు. పుండు పైన దూది పుల్ల తిప్పి పంపడం వల్ల ప్రయోజనం తక్కువ, చర్మం మీద మామూలుగా ఉండే క్రిములే అందులో పెరుగుతాయి. వాటికి మందు రాస్తే మళ్లీ మొదటికి వస్తాం.

ఆ రెండో సీసాతో పాటు వెళ్లే చీటీలో ‘కిడ్నీ మార్పిడి రోగి, తోట పని చేస్తారు, నోకార్డియా, క్షయేతర మైకోబ్యాక్టీరియా, ఫంగస్ అనుమానం’ అని స్పష్టంగా ఉండాలి. ఆ ఒక్క వాక్యంతో ల్యాబ్‌లో పని మారిపోతుంది. గ్రామ్ స్టెయిన్, ఏఎఫ్‌బీ స్టెయిన్‌తో పాటు నోకార్డియా కోసం తక్కువ గాఢత ఆమ్లంతో చేసే మార్పు చేసిన స్టెయిన్ వేస్తారు. స్టెయిన్ అంటే క్రిమికి రంగు పట్టించి మైక్రోస్కోపులో చూసే పరీక్ష. మామూలు కల్చర్‌ను మూడు వారాలు ఉంచుతారు, మైకోబ్యాక్టీరియా కల్చర్‌ను 37 డిగ్రీలతో పాటు 30 డిగ్రీలలో కూడా ఆరు నుంచి ఎనిమిది వారాలు ఉంచుతారు, ఫంగస్ కల్చర్ వేరుగా పెడతారు. టీబీకి జీన్‌ఎక్స్‌పర్ట్ చేస్తారు, అది గంటల్లో వస్తుంది. ఏఎఫ్‌బీ నిండుగా కనిపిస్తూ జీన్‌ఎక్స్‌పర్ట్ నెగటివ్ వస్తే క్షయేతర రకం అన్న అనుమానం బాగా బలపడుతుంది. మన దేశంలో టీబీ ఎక్కువ, చర్మానికి కూడా వస్తుంది. మీ డాక్టరు గారి అనుమానంలో అర్థం లేదని నేను అనడం లేదు. ఆ అనుమానాన్ని నిరూపించే పరీక్ష చేతిలో ఉండగా ఊహతో మొదలుపెట్టవద్దంటున్నాను.

కల్చర్‌కు వారాలు పడితే అప్పటిదాకా ఊరకే కూర్చోవాలా అని మీకు అనిపించవచ్చు. అక్కర్లేదు. స్టెయిన్ ఫలితం ఒకటి రెండు రోజుల్లో వస్తుంది. అందులో కొమ్మల దారాలు కనిపిస్తే నోకార్డియాకు, ఫంగస్ కనిపిస్తే దానికి ఆ రోజే వైద్యం మొదలుపెట్టవచ్చు. ఏమీ కనిపించక, మనిషి నిలకడగా ఉంటే కొన్నాళ్లు ఆగడంలో తప్పులేదు.

షుగరు ఉన్నవారు, వరి పొలాల్లో పనిచేసేవారు ఈ సమాధానం చదువుతుంటే మెలియాయిడోసిస్ అన్న బ్యాక్టీరియా జబ్బు పేరు గుర్తుపెట్టుకోండి. 1912లో విట్‌మోర్, కృష్ణస్వామి అనే ఇద్దరు వైద్యులు రంగూన్‌లో దీన్ని మొదట వర్ణించారు. ఈశాన్య థాయిలాండ్, ఉత్తర ఆస్ట్రేలియాలలో ఎక్కువ. మన దేశంలో కోస్తా కర్ణాటక, కేరళ, తమిళనాడు, ఒడిశాలతో పాటు మన తీర జిల్లాల నుంచి కూడా రోగులు వస్తున్నారు. వానాకాలంలో బురద నీటి నుంచి పడుతుంది. చర్మం మీద పుండు, ఊపిరితిత్తుల్లో మచ్చ, కాలేయంలో, ప్లీహంలో చీముగడ్డలు కడుతుంది. టీబీ మందులు నెలల తరబడి వాడి తగ్గక మా దగ్గరికి వచ్చినవారిలో ఈ జబ్బు బయటపడింది. ల్యాబ్ వారు ఈ జబ్బు క్రిమిని ‘సూడోమోనాస్ జాతి’ అనే వేరే బ్యాక్టీరియా అని పొరబడి పంపడం తరచూ జరుగుతుంది. జెంటామైసిన్‌కు, కోలిస్టిన్‌కు లొంగక, అమాక్సిక్లావ్‌కు లొంగుతున్న ‘సూడోమోనాస్’ కనిపిస్తే వెంటనే దీన్ని అనుమానించాలి. సెఫ్టాజిడిమ్ లేదా మెరోపెనెమ్ రక్తనాళం ద్వారా కనీసం 10 నుంచి 14 రోజులు, ఆ తర్వాత కో-ట్రైమాక్సజోల్ కనీసం మూడు నెలలు వాడాలి. మధ్యలో మానేస్తే తిరగబెడుతుంది.

హెచ్ఐవీ ఉండి సీడీ4 కణాలు 100 కంటే తగ్గినవారిలో ఎర్రటి, ముట్టుకుంటే రక్తం కారే బుడిపెలు లేస్తే అది బార్టొనెల్లా కావచ్చు. పిల్లుల ద్వారా, పేల ద్వారా వస్తుంది. చూడటానికి కపోసి సార్కోమా అనే క్యాన్సర్‌లా ఉంటుంది. కానీ ఇది డాక్సీసైక్లిన్‌తో లేదా ఎరిత్రోమైసిన్‌తో పూర్తిగా నయమవుతుంది. క్యాన్సర్ అని బెంబేలెత్తే ముందు ముక్క తీయించండి.

ఇంతవరకు చెప్పినవి వారాల వ్యవధిలో నడిచే జబ్బులు. గంటల్లో నడిచేవి రెండున్నాయి, వీటికి బయాప్సీ తేదీ కోసం ఆగకూడదు. మొదటిది, కీమోథెరపీ తర్వాత తెల్లకణాలు పడిపోయినవారిలో ఎర్రటి మచ్చ లేచి, అందులో నీటిపొక్కు వచ్చి, ఒక రోజులోనే మధ్యభాగం నల్లటి పెచ్చుగా మారడం. చంకల్లో, తొడల మొదట్లో, మలద్వారం చుట్టూ ఎక్కువ. ఇది తరచూ సూడోమోనాస్ రక్తంలోకి చేరిందనడానికి గుర్తు. రెండోది, కాలేయ సిర్రోసిస్ ఉన్నవారికి ఉప్పునీరు, రొయ్యల చెరువు నీరు గాయానికి తగిలాక, లేదా సరిగ్గా ఉడకని ఆల్చిప్పలు తిన్నాక ఒకటి రెండు రోజుల్లో కాలు వాచి రక్తపు పొక్కులు రావడం. ఇది విబ్రియో వల్నిఫికస్ అనే బ్యాక్టీరియా కావచ్చు. భీమవరం, నెల్లూరు వైపు చెరువుల్లో దిగేవారిలో మద్యం వల్ల కాలేయం చెడినవారు ఎందరో ఉన్నారు, వారి ఇళ్లవాళ్లకు ఈ సంగతి తెలియాలి. ఈ రెండింటిలోనూ రాత్రయినా సరే పెద్దాసుపత్రి అత్యవసర విభాగానికి వెళ్లాలి. మొదటి గంటల్లో పడే యాంటీబయాటిక్, అవసరమైతే చేసే ఆపరేషనే ప్రాణం నిలబెడతాయి.

మీ నాన్నగారి విషయానికి వస్తే, ఆసుపత్రికి వెళ్లే లోపు పుండును శుభ్రమైన గాజుగుడ్డతో వదులుగా కప్పండి. వేప నీళ్లు, పసుపు, పసరు కట్లు వేయవద్దు. వాటిలోని మట్టి, నీటి క్రిములు కొత్తగా చేరతాయి, కల్చర్ కూడా పాడవుతుంది. మందుల షాపులో దొరికే స్టెరాయిడ్ కలిసిన ట్యూబులు అసలే వద్దు. రాస్తే రెండు రోజులు ఎరుపు తగ్గి బాగున్నట్టు అనిపిస్తుంది, లోపల క్రిమి ఇంకా పాకుతుంది. గడ్డను పిండకండి. రోజు విడిచి రోజు పక్కన స్కేలు పెట్టి ఫొటో తీయండి. గడ్డ పెరుగుతున్నదీ, ఆగినదీ వైద్యులకు ఒక్క చూపులో తెలుస్తుంది. తోట పని ఇప్పటికి మానిపించండి. నయమయ్యాక చేయాలనిపిస్తే బూట్లు, చేతి తొడుగులు వేసుకుని చేయవచ్చు, ఆ సంతోషాన్ని ఆయనకు పూర్తిగా దూరం చేయనక్కర్లేదు.

జ్వరం, ఆయాసం, తలనొప్పి, మాట తడబడటం, ఫిట్స్, కొత్తచోట గడ్డలు, మూత్రం తగ్గడం, వీటిలో ఏది కనిపించినా అపాయింట్‌మెంటు దాకా ఆగకుండా ఆ రోజే తీసుకెళ్లండి.

వెళ్లేటప్పుడు పాత రిపోర్టులు, వాడిన మందుల తేదీలు, చివరిసారి కొలిచిన టాక్రోలిమస్ స్థాయి, క్రియాటినిన్ కాగితాలు ఒక ఫైలులో పెట్టుకోండి. తోట పని, ఇంట్లో పిల్లి, చేపల తొట్టె, ఈమధ్య చేయించుకున్న ఇంజెక్షన్లు, గుచ్చుకున్న ముళ్లు, ఇవన్నీ వైద్యులు అడగకపోయినా చెప్పండి. స్టెయిన్ రిపోర్టు రాగానే ఇక్కడ పెడితే అందులో రాసినదానికి అర్థమేమిటో, ఆసుపత్రిలో తర్వాత ఏం అడగాలో వివరిస్తాను. మందు రాయవలసింది మాత్రం ఆయనను చేత్తో పట్టి చూసిన వైద్యులే.